తడిచేతికి ఓర్చే ప్రింటరు

కంప్యూటరుతో పాటు వచ్చిన ఇంకు ప్రింటరు మీద ఆ శుక్రవారం దాకా నాకు ఏ ఫిర్యాదూ లేదు. గాజువాకలో మా వీధి ఆడవాళ్ళం శుక్రవారం మధ్యాహ్నాలు మా ఇంట్లో చేరి హారతి పాటలు పాడుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు నోటికి వచ్చినవి చెబుతుంటే నేను కంప్యూటర్లో కొట్టి, పెద్ద అక్షరాలతో తలా ఒక కాగితం తీసి ఇచ్చేదాన్ని. పిల్లల చదువుకని మావారు స్టీలు ప్లాంటు జీతంతో కొన్న కంప్యూటరు అది. పిల్లలు బడికి వెళ్ళాక నాదే.

మాలో చేపలమ్మే ఒకావిడ ఉండేది. వయసుకు మా అమ్మ చెల్లెలిలా ఉంటుందని పిన్నీ అనేదాన్ని. పొద్దుటి బేరం ముగించి, తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని వచ్చేది. యాభై దాటాక వయోజనుల తరగతికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. ఆ శుక్రవారం ఆవిడ కాగితం మీద వేలు పెట్టి చదవబోతే, వేలి కిందే అక్షరాలు కరిగి పక్క వరసలోకి పారాయి.

ఆవిడ కాగితం మడిచి నా ఒళ్ళో పెట్టింది. "నా సేతులెప్పుడూ తడేనమ్మా. కాయితాలు నాకొద్దులే. మీరు సదవండి, నాను వింటాను."

ఆ పై వారం ఇస్తే అందుకోలేదు. ఇంకో వారానికి వెనక గోడ వారకు జరిగి కూర్చుంది. తప్పు ఇంకుదని నేను ఎంత చెప్పినా, తన చేతులదే అనుకుంది. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. గోదావరి పక్క పల్లెలో మా నాన్నగారు వీధరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన చదువే నాది. ఆయన పుణ్యమా అని అక్షరం అబ్బింది కనక, చేతిదాకా వచ్చిన కాగితాన్ని వదులుకోవడం ఎలాంటిదో నాకు తెలుసు. ఆవిడ మళ్ళీ పట్టుకోవాలి. అంతే నాకు కావలసింది.

లేజరు ప్రింటు తడికి కరగదని మావారి స్నేహితులొకరు చెప్పారు. చెప్పి ఊరుకుంటే నమ్మేదాన్ని. ద్వారకానగర్లో ఫలానా దుకాణంలోనే కొనమనీ, తన పేరు చెప్పమనీ అనేసరికి నాకు అనుమానం మొదలైంది. పేరు చెబితే ఎవరికి ఏం ముడుతుందో!

అయినా వెళ్ళాను. చీర కొనేటప్పుడు మా అమ్మ చేసే పని ఒకటుంది. తెల్ల చేతిరుమాలు తడిపి తీసుకెళ్ళి, చీర కొంగు మూల రుద్ది, రంగు దిగుతుందేమో చూసేది. నేనూ రుమాలు తడిపి ప్లాస్టిక్ సంచిలో వేసుకున్నాను. దుకాణం వాళ్ళు మంచి కాగితం పెట్టి మభ్యపెడతారేమోనని మా ఇంటి కాగితాలూ అందులోనే పెట్టుకున్నాను. పాటనీ, తెలుగు ఫాంటునీ ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను.

ద్వారకానగర్ దుకాణం చల్లగా, అద్దాలతో ఉంది. అక్కడి అబ్బాయి రంగురంగుల పువ్వుల బొమ్మ మీద ఇంగ్లీషు అక్షరాలున్న కాగితం చూపించి, ఈ మిషను పనితనం ఇదేనన్నాడు. నల్లటి ప్రింటు ఒక్కటే తీసే మిషనుకి రంగుల పువ్వు ఎలా పూసిందని అడిగాను. నవ్వి మాట మార్చాడు. నా పాట వేసి చూపించమంటే, బయటి ఫ్లాపీలో వైరస్ ఉంటుందన్నాడు. కొత్త మిషనుతో ఇచ్చే ఇంకుపొడి డబ్బాలో పొడి సగమే ఉంటుందట కదా అంటే, అందరూ అలాగే కొంటారన్నాడు. అందరూ కొంటున్నారంటే నాకు ఇంకా భయం. నమస్కారం పెట్టి బయటపడ్డాను.

అదే సంచితో బస్సెక్కి గాజువాకలో దిగాను. మెయిన్ రోడ్డు మీద ఒక మేడ పైన, మూతపడ్డ ఆఫీసుల నుంచి తెచ్చిన పాత ప్రింటర్లు అమ్మే ఆయన ఉన్నాడని విన్నాను. ధర సగానికి సగం. నిజానికి మాకు అందే ధర అదే. కానీ అంత తక్కువెందుకు? ఆఫీసు మూతపడిందో, మిషను మూలపడిందో ఎవరు చూశారు? ఇవన్నీ నేను అడుగుతుంటే ఆయన విసుక్కోకుండా నా ఫ్లాపీ తీసుకుని, నా కాగితమే పెట్టి, నా పాటే వేసి ఇచ్చాడు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. రుమాలు తీయకముందే పొడివేలితో ఒకసారి రుద్దాను. కాటుక తుడిచినట్టు మొదటి వరస మొత్తం వేలికి వచ్చేసింది.

"దుమ్మమ్మా, ఫ్యాక్టరీల దుమ్ము. ఈ ఊళ్ళో దేని మీద రుద్దినా నలుపే" అన్నాడాయన.

రోజూ రెండు పూటలా ఆ దుమ్ము తుడిచేదాన్ని నేను. అది వేలికి గరగరలాడుతుంది. ఇది పౌడరులా జారుతోంది. ఆ మాటే అన్నాను. ఆయన కాగితం అందుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"కాయితం సెమ్మగా ఉందమ్మా. పొడి వేడికి కరిగి అంటుకోవాల. సెమ్మ కాయితమైతే ఆ వేడి అదే తినేత్తది."

ఇందాక దుమ్ముది తప్పు, ఇప్పుడు కాగితానిది, ఇక మిగిలింది నేనే అనుకుంటూ సంచిలో చెయ్యి పెట్టాను. నా తడి రుమాలు కాగితాల మీదే పరుచుకుని ఉంది.

ఆయన నా కాగితాలు నాలుగు తీసి, వెచ్చగా ఉన్న కంప్యూటరు మానిటరు మీద ఆరేశాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. ఈసారి గోరుతో గీకినా, రుమాలుతో రుద్దినా అక్షరం కదల్లేదు. నేను సంతోషించాలి కదా, లేదు. మిషను ఇందాకటి నుంచి తిరిగి తిరిగి వేడెక్కి ఇప్పుడు బాగా పనిచేసిందేమో. రేపు చల్లబడితే? రేపు ఇంకొకరిని తీసుకొస్తానన్నాను.

"ఎవరమ్మా, ఇంజినీరా?"

చేపలమ్మే ఆవిడ అని చెప్పాను.

కాగితం మాట ఎత్తితే పిన్ని రాదని తెలుసు. అందుకని, ఒకతను నాకు పాత సరుకు అంటగడుతున్నాడేమో వచ్చి చూడమన్నాను. ఆ మాటకు గంప దింపేసి వచ్చింది. మేడ మెట్లెక్కి, ఆయన కుర్చీ చూపినా కూర్చోకుండా, ప్రింటరు చుట్టూ ఒకసారి తిరిగింది.

"బాబూ, ముందు మొప్పలెత్తి సూపించు."

ఆయనకు అర్థం కాలేదు. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూస్తారని నేను చెప్పాల్సి వచ్చింది. నవ్వుతూ మూత తెరిచాడు. పిన్ని వంగి లోపలికి తేరిపార చూసి, "పాతదే. కుళ్ళలేదు" అంది. రాత్రంతా చల్లబడ్డ మిషను మీద ఆయన నా పాట మళ్ళీ తీశాడు. నేను చెప్పకుండానే పిన్ని అక్కడున్న మంచినీళ్ళ చెంబులో వేళ్ళు ముంచి, అక్షరాల మీద అదిమి రుద్దింది. తిప్పి మళ్ళీ రుద్దింది. కాగితం తడిసింది గాని అక్షరం ఉన్నచోటే ఉంది.

రుద్దుతున్న వేలు ఆగింది. పెదవులు కదిలాయి. "మం... గ... ళం" అని, నావైపు తిరిగింది.

"ఇందుకా నన్ను తీసుకొచ్చినావు?"

అవునన్నాను.

"ఆ మాట సెప్పొచ్చు కదమ్మా. బేరం వదులుకుని వచ్చినాను" అంది. ఆ కోపం ఆయన మీద చూపించి, ధర ఇంకొంచెం తగ్గించి, కేబులు ఊరికే ఇప్పించింది.

మిషను ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ, వారంలో పాడైపోతుందేమోనని నాకు అనుమానం పీకుతూనే ఉంది. అప్పన్నస్వామి దయ, ఆ మేడ మీది ఆయన నిజాయితీ, అది చాలా ఏళ్ళు నడిచింది. ఆయన్ని అంత అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గుపడను గాని, ఆయన ఓర్చుకున్నందుకు మాత్రం దీపం పెట్టినప్పుడల్లా తలుచుకుంటాను.

ప్రింటరు వచ్చాక మొదటి శుక్రవారం పిన్ని ముందు వరసలో కూర్చుంది. కాగితం అడిగి తీసుకుంది. పాట మొదలైంది. నోటికి వచ్చిన పాటే అయినా ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వస్తోంది. మేము పల్లవి దాటి, చరణం దాటి, రెండో పాట ఎత్తుకున్నాం. పక్కావిడ పిన్ని చేతిలోని కాగితాన్ని రెండో పాటకు తిప్పబోతే పిన్ని వదల్లేదు.

"ఉండండమ్మా. నానింకా రెండో వరసలోనే ఉన్నాను."

మేమందరం పాట ఆపి కూర్చున్నాం.