గేట్లాయన కొత్త హెల్మెట్

ఇనుప గేట్లు చేసే ఆయన్ని వీధంతా గేట్లాయన అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్లు వెల్డింగ్ చేశాడు గానీ ముఖానికి సరైన అడ్డం ఏనాడైనా పెట్టాడా? చేతిలో ఓ నల్లద్దం, చిన్న అతుకులకైతే అదీ లేదు, కళ్ళు మూసుకుని అంటించేయడమే. సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. చెబితే వినే ఘటమా!

చివరికి భార్యే దుకాణానికి లాక్కెళ్ళింది. బట్టలు కుట్టే మనిషి, కొలత చూడందే ఏదీ కొనదు. నిప్పు రాజుకోగానే అద్దం దానంతటదే నల్లబడే హెల్మెట్లు నాలుగు తీయించి, ఒక్కోటీ ఆయన నెత్తిన పెట్టి మెడ తిప్పించింది. తేలిగ్గా ఉండి, వెలుగును పసిగట్టే సెన్సర్ కళ్ళు రెండు కాక నాలుగున్నదాన్ని ఎంచింది. చెయ్యి అడ్డొచ్చి ఒకటి మూసుకున్నా మిగతావి పనిచేస్తాయట. ఆయన మాత్రం అద్దం మీది ప్లాస్టిక్ పొర ఎవరూ పీకొద్దన్నాడు, గీతలు పడతాయని. ఫ్రిజ్ మీది పొర పదేళ్లయినా ఊడనివ్వని మహానుభావుడు మరి.

మూడో రోజుకే హెల్మెట్లోంచి అంతా మసక, ఇనుప అంచు ఒకచోట ఉంటే అతుకు ఇంకోచోట పడేది. హెల్మెట్ తీస్తే అన్నీ బాగానే కనబడేవి. అయినా భయపడ్డవాడికి తాడూ పామే కదా! ఇన్నేళ్ళ పాపం పండింది, పనికొచ్చే చూపే పోతోంది అనుకున్నాడు పిచ్చి మనిషి. ఎవరికీ చెప్పలేదు. రోజూ తెల్లారి లేచి, కళ్ళు మూసుకుని, మంచం నుంచి గుమ్మం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. రేపు అవసరపడుతుందని.

వారం తిరిగాక ఓ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని బయటపడ్డాడు.

"నా కళ్ళు పోతున్నాయే. ఇక గేట్లు నా వల్ల కాదు."

ఆమె లేచి హెల్మెట్ తెచ్చి తనే పెట్టుకుంది. తనకూ మసకేనంది. తీసి చూస్తే ఏముంది, రవ్వలు పడి మచ్చలు తేలిన ఆ పొరే! సూదిమొనతో అంచు లేపి చర్రున లాగేసింది. కిటికీ దగ్గర నిలబెట్టి, ఆయన తలకు హెల్మెట్ తగిలించి, తను కుట్టిన చొక్కా ముందు పట్టింది. ఒక్కో కుట్టూ లెక్కపెట్టి చెప్పాడు. చెబుతూ చెబుతూనే నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు.

కాస్త తేరుకుని కూర్చోబోతూ అటూ ఇటూ చూశాడు. గుమ్మం దగ్గరి స్టూలు వారం నుంచీ కనబడదేం అని అడిగాడు.

"మీరు కళ్ళు మూసుకుని నడుస్తుంటే కాలికి తగులుతుందని నేనే తీసేశాను," అంది ఆమె.