పందిరి లేని చెరువు

బీరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది. ఈ సంగతి నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు, తెలియకపోవడం వల్ల నాకు జరిగిన నష్టమూ లేదు. చెరువులో మేత సంచులు కట్టించి నేను ఇంటికి బయల్దేరే వేళకి సరిగ్గా అవతలి గట్టు మీద మా తోడల్లుడి పందిరంతా పసుప్పచ్చగా పూసి ఉండేది. రోజూ అదే వరస. చూడకూడదనుకుంటూనే చూసేవాణ్ణి. చూశాక ఇంటికెళ్ళి కూర్చుంటే అన్నం సయించేది కాదు.

కైకలూరు నుంచి కలిదిండి వైపు వెళ్ళే దారిలో ఉంటాయి మా రెండు చెరువులూ. మామగారు పోయేముందు ఇద్దరు కూతుళ్ళకీ సమానంగా పంచి ఇచ్చారు. పెద్దమ్మాయి భర్తను నేను, చిన్నమ్మాయి భర్త అతను. ఒకే కాలవ నీళ్ళు, ఒకే లోతు, ఒకే లారీలో వచ్చిన చేపపిల్లలు, మధ్యన నడవడానికి ఒక సన్నటి గట్టు. తేడా అల్లా మనుషుల్లోనే. నా గట్టు మీద గడ్డిపరక కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అతని గట్టు మీద తుమ్మ మొక్కలు, పిచ్చి తీగలు, విరిగిన పడవ, చిరిగిన వల అన్నీ కలిసి కాపురం చేస్తుంటాయి. ఇదేంటని అడిగితే, "ఉండనివ్వండి అన్నయ్యా, అవి మనల్నేం అడుగుతున్నాయి" అంటాడు.

మా వైపు అన్నీ చేప మీదే నడుస్తాయి. ఐసు ఫ్యాక్టరీ, మేత కొట్టు, లారీలు, చివరికి ఆ లారీ డ్రైవర్లకి టీ పోసే బడ్డీ కూడా. చేప ధర పడిందంటే ఊళ్ళో అందరి మొహాలూ ఒక్కసారే వాడిపోతాయి. ఆ ఏడు అలాగే పడింది. పట్టిస్తే నష్టం, ఉంచితే మేత ఖర్చు. ఏం చెయ్యాలో తోచక అందరం టీ బడ్డీ దగ్గర కూర్చున్న రోజుల్లో తాడేపల్లిగూడెం దగ్గరున్న యూనివర్సిటీ వాళ్ళు కైకలూరులో మీటింగు పెట్టారు. పండ్లు, కూరగాయల మీద పరిశోధన చేసే ప్రభుత్వ యూనివర్సిటీ అది. అక్కణ్ణుంచి వచ్చిన ఒక మేడమ్ మైకు పట్టుకుని, మా చెరువు గట్లన్నీ ఊరికే పడున్న పొలాలేనని, పందిరిని నీళ్ళ మీదికి వంచి కట్టి తీగ పాకిస్తే కూరగాయలు పండుతాయని చెప్పారు. ముందు ఒక చెరువు మీద తమ ఖర్చుతోనే చేసి చూపిస్తామన్నారు.

"ఊరంతా ఒక్కదాన్నే పట్టుకుని వేలాడితే కష్టమండీ. చేప ఉండాలి, దాని పక్కన ఇంకోటి కూడా ఉండాలి" అన్నారావిడ.

నేను వెంటనే చెయ్యెత్తాను. నేను ఎత్తాను కదా అని మా తోడల్లుడూ ఎత్తాడు. త్వరలో వచ్చి రెండూ చూస్తామన్నారు.

ఆ చెరువు నాదే కావాలని నాకు పట్టుదల పట్టుకుంది. కూరగాయల మీద వచ్చే ఆదాయం ఒకటే కాదు. మా ప్రాంతంలో మొదటిసారి జరగబోయే పని అది. రేపు చుట్టుపక్కల రైతులు ఎవరి గట్టు మీదికి వచ్చి నేర్చుకుని వెళ్తారన్నదే నా బాధ. నా గట్టు మీదికే రావాలి.

ఇంటికి నలుగురు వస్తున్నారంటే సర్దకుండా ఉండలేం మా వైపు వాళ్ళం. పెళ్ళిచూపులకి గోడలకి సున్నం వేయించినట్టు, నేను గట్టు మీదికి పొక్లెయిన్ ఎక్కించాను. పైనున్న పొరంతా గీకించి, చెరువు అంచు నుంచి బురద తోడించి పరిపించి, అరచేత్తో రాసినంత నున్నగా చదును చేయించాను. శామియానా వేయించాను. కొర్రమీను పులుసు చెప్పాను. మా ఆవిడ వచ్చి చూసి, "గట్టు చూడ్డానికి వస్తున్నారా, పెళ్ళికొస్తున్నారా అండీ" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మేడమ్ వచ్చి నా గట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచారు. "ఇక్కడ ఏమేం మొలుస్తుండేవండీ" అని అడిగారు.

"ఏమీ మొలవనివ్వనండీ. మొత్తం క్లీన్ చేయించేశాను" అన్నాను.

ఆవిడ వంగి చిటికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి చూశారు. "దానంతటది మొలిచిన మొక్కల్ని చూస్తేనండీ మాకు నేల సంగతి తెలిసేది. ఉప్పెంత ఉంది, ఏది బతుకుతుంది అన్నీ అవే చెబుతాయి. ఇదంతా కొత్త బురద కదండీ, ఉప్పు పైకొచ్చేసింది. వానలు పడి దిగేదాకా ఏం వేసినా రాదండీ" అన్నారు మెల్లగా.

అవతలి గట్టు మీద తుమ్మ మొక్క మీదికి పాకిన అడవి కాకర తీగ ఒకటి కనిపించేసరికి మాత్రం అక్కడే కూర్చుండిపోయారు. ఆకులు తిప్పి చూశారు, మన్ను సంచిలో వేసుకున్నారు. మా తోడల్లుడు ఆ వేళప్పుడు మోటారు షెడ్డులో నిద్రపోతున్నాడు. నీ చెరువు ఎంచుకున్నారని లేపి చెప్పింది నేనే. తర్వాత అందరూ నా శామియానా కింద కూర్చుని నా కొర్రమీను పులుసు తిన్నారు. అతను రెండోసారి కూడా వేయించుకున్నాడు.

చేతులు కడుక్కుంటూ మేడమ్, "మీ సాయం కూడా కావాలండీ" అన్నారు. పందిరి నీడ చేపకి మంచిదో చెడ్డదో తేలాలంటే పక్కనే పందిరి లేని చెరువు ఒకటి ఉండాలట. అదే నీళ్ళు, అదే చేప, అదే మేత. గట్టు మీద మాత్రం ఏమీ పెరగకూడదు. "మీ చెరువు ఇందుకు సరిగ్గా సరిపోతుందండీ."

మన దగ్గరికొచ్చి భోంచేసిన మనిషికి కాదని ఎలా చెప్పను. అలాగేనండీ అన్నాను. వారు తిరిగి వచ్చి రెండు బోర్డులు పాతారు. అక్కడ పందిరి గల చెరువు, ఇక్కడ పందిరి లేని చెరువు.

ఆ తర్వాత యూనివర్సిటీ స్టూడెంట్లు వచ్చేవారు. రెండు చెరువుల్లోనూ నీళ్ళ వేడి చూసేవారు. ఫొటోలు మాత్రం అవతలే దిగేవారు. కలిదిండి, ముదినేపల్లి నుంచి రైతులు వచ్చి నా గట్టు మీద బండ్లు ఆపుకుని పందిరి కిందికి నడిచి వెళ్ళేవారు. బండ్లు పెట్టుకోవడానికి నున్నగా బాగుందని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. వాడి మెప్పు పాడుగాను.

ఏలూరులో అత్తగారింటికి వెళ్తే అక్కడా ఇదే గొడవ. "చిన్నల్లుడుగారి పందిట్లో కాయలు బాబూ, ఎంత లేతగా ఉన్నాయో చూడండి" అంటూ ఆవిడ నా విస్తట్లో బీరకాయ పచ్చడి వేశారు. ఇన్నేళ్ళూ నేను మోసుకెళ్ళిన శీలావతి చేపల్ని ఇంత లేతగా ఉన్నాయని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. పచ్చడి బాగుంది. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

వానలు పడ్డాక ఒకరోజు నా మోటారు షెడ్డు మూల ఒక బీరపాదు మొలిచింది. మరదలు పంపిన ముదురు కాయ ఏదో మా ఆవిడ అక్కడ పారేసి ఉంటుంది. ఎవరూ చూడకుండానే నా మోటారు గొట్టం మీదికి ఎగబాకి, వేలెడంత పిందె వేసింది. నేను దాన్ని ముట్టుకుని చూశాను.

"ఉంచేయండి, ఒక్క పాదుకి ఎవరేమంటారు" అంది మా ఆవిడ.

ఉంచితే బోర్డు మీది మాట అబద్ధమవుతుంది. ఇచ్చిన మాట తప్పాడని అవతలి గట్టు మీంచి అతను అనడానికి అవకాశం ఇవ్వదలుచుకోలేదు నేను. అతను అలాంటి మాట అనే మనిషి కాదని నాకు తెలుసు. అయినా పాదుని వేళ్ళతో సహా పీకి కాలవలో పారేశాను. పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

ఏడాది గడిచాక ఫలితాలు చెప్పడానికి యూనివర్సిటీ వాళ్ళు రైతుల్ని తమ క్యాంపస్‌కి పిలిచారు. తాడేపల్లిగూడెం స్టేషన్ నుంచి మేమిద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. ఎండాకాలంలో పందిరి కింద నీళ్ళు చల్లగా ఉన్నాయని, చేపకి ఏ నష్టమూ రాలేదని, చేప ధర పడినప్పుడు ఆ ఇల్లు కాయగూరలతో నిలబడిందని తెర మీద చూపించారు. ప్రతి బొమ్మలోనూ పక్కనే నా చెరువు, బోడిగా. హాల్లో చాలామంది తామూ పందిరి వేస్తామని చేతులెత్తారు.

భోజనాల దగ్గర మేడమ్ మా బల్ల దగ్గరికి వచ్చారు. ఒక్క ఏడాది ఫలితం చాలదని, రెండో ఏడు రెండు చెరువులూ తారుమారు చెయ్యాలని చెప్పారు. నా గట్టు మీద ఉప్పు దిగిపోయింది కాబట్టి ఇక పందిరి నాకు వేస్తారు. అతని పందిరి మొత్తం తీసేయాలి. అతని గట్టు మీద ఏమీ ఉండకూడదు.

నేను వెంటనే అతని మొహం వైపు చూశాను. ఏడాదంతా నేను ఎదురుచూసింది ఆ మొహం కోసమే.

"అలాగేనండీ" అన్నాడతను, సాంబారు కలుపుకుంటూనే. వడ్డించే అతన్ని పిలిచి ఇంకొంచెం అప్పడం అడిగాడు. తర్వాత ఎడమచేత్తో సంచి వెతికి ఒక కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టాడు.

"ఎప్పటికైనా మీరూ వేస్తారు కదా అని విత్తనం దాచానన్నయ్యా. పందిట్లో మంచి కాయలన్నీ మీకోసమే కోయకుండా ఎండనిచ్చాం."

పొట్లం పుచ్చుకుని జేబులో పెట్టుకున్నాను. ఒక్క గింజ కూడా మొలవకుండా పోతే బాగుండునని అనుకున్నాను. వాటిని నాటబోయేది నా గట్టు మీదే.