ఒకే స్వరం మాస్టారు

శిష్యుల చేత పాట వాయింపించకపోవడమే గెఘామ్ మాస్టారి ప్రత్యేకత. ఆర్మేనియాలోని మా గ్యుమ్రి ఊరు మొత్తం మీద, దుదుక్ అనే ఊదే వాద్యానికి ఆయనే పెద్ద దిక్కు. అయితేనేం, శిష్యుడన్నవాడు పక్కన కూర్చుని, ముక్కుతో గాలి పీలుస్తూ, బుగ్గలు పూరించి, తెగకుండా ఒకే స్వరం ఊదాలి. దాన్ని దమ్ అంటాం. దానిమీద పాట వాయించేది ఆయనొక్కరే. నేను చేరేనాటికి నాకు మీసం లేదు. ఇప్పుడది నెరుస్తోంది, పాట మాత్రం నా దాకా రాలేదు.

“ఒక్క పాట ఇప్పించండి మాస్టారూ!”

“దేనికి, చంపడానికా? దమ్ పట్టు.”

ఊరిని కూల్చేసిన భూకంపం తర్వాత మా బడి గదంత ఇనుప డబ్బాలోకి మారింది. కరెంటు లేదు, పొయ్యిలోకి కట్టెల్లేవు. శిష్యులు ఒక్కొక్కరే రష్యా వెళ్ళిపోయారు. చివరికి నేనూ నొరైరూ మిగిలాం.

“ఇంకా ఉన్నార్రా? మీకు వేరే దారి లేదా?” అని పొద్దున్నే పలకరించేవారు మాస్టారు. “ఊరు అయిపోయింది, దుదుక్ అయిపోయింది. కాఫీ ఉందా?”

“లేదండీ.”

“అదీ అయిపోయిందన్నమాట.”

నవ్వేవాళ్ళం గానీ మాకూ ఆశ చచ్చిపోయింది.

నొరైర్ రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. మంచాన పడ్డ వాళ్ళమ్మ, “నన్ను సాగనంపేటప్పుడు నువ్వే వాయించాలి” అని మాట తీసుకుంది. పాట నేర్పమని వాడు మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాడు.

“ముందు ఊపిరి నిలబెట్టడం నేర్చుకో,” అన్నారాయన. ఈ ముసలాయనకి గుండె లేదని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. మంచు పడుతుండగా వాకిట్లో శవపేటిక దించారు. మాస్టారు తన కుర్చీలో నొరైర్‌ని కూర్చోబెట్టి, తాను దమ్ పట్టేవాడి పీట మీద కూర్చున్నారు. జనం గుసగుసలాడారు. గురువు శిష్యుడికి దమ్ పట్టడం మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు.

“నాకు రాదు మాస్టారూ!”

“ఇన్నేళ్ళూ నా పక్కన చెవుల్లో దూది పెట్టుకు కూర్చున్నావా? ఊదు!”

వాడు ఊదాడు. సగంలో ఏడుపు ముంచుకొచ్చి ఆగిపోయాడు. మాస్టారి స్వరం ఆగలేదు. వాడు కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని మళ్ళీ అందుకునేదాకా అది అలాగే నిలిచి ఉంది. మళ్ళీ ఆగాడు, మళ్ళీ నిలిచింది. తల్లి గేటు దాటేదాకా ఎక్కడా నిశ్శబ్దం రాలేదు. పాట వింటే వస్తుంది, ఏడ్చేవాడి పక్కన తెగకుండా నిలబడటమే నేర్పాలి. ఆయన ఇన్నాళ్ళూ మాకు నేర్పిందదే. నాకప్పుడు తెలిసింది.

తిరిగొస్తుంటే మాస్టారి పెదవులు వాచిపోయి ఉన్నాయి.

“ఎలా వాయించాడంటారు?” అని అడిగాను.

“ఘోరం.” కాస్త దూరం నడిచి బుగ్గలు తడుముకున్నారు. “ఒరేయ్, ఈ దమ్‌ని మీరు ఇన్నేళ్ళు ఎలా పట్టార్రా?”