మా తాతకు నేను వేసిన కొసరు

మొన్న తార్నాక చౌరస్తాలో గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే మా బస్సు ఆగిపోయింది. అందరూ విసుక్కున్నారు. నేను మాత్రం లేచి నిలబడి వాటికి నమస్కారం పెట్టాను. నిలబడలేదులెండి, మోకాళ్ళు ఒప్పుకోవు, కూర్చునే పెట్టాను. మా వంశానికి వాటితో ఉన్న చుట్టరికం కాయితం మీద తేలి ఇంకా ఏడాది కాలేదు.

ఇక్కడి యూనివర్సిటీలోనే మా మనవరాలు చరిత్రలో ఎమ్మే చదువుతోంది. పోయినేడు కుటుంబ చరిత్ర మీద ప్రాజెక్టు రాయాల్సి వచ్చి, నన్ను కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసింది. అడిగితే ఊరుకుంటానా? మా తాతగారు కోస్తాలో పేరుమోసిన సంఘ కాపరి, అంటే చర్చి పాస్టరు అనీ, ఆయన ప్రసంగం ఎత్తుకుంటే కృష్ణ అవతలి ఒడ్డున కూడా జనం చెప్పులు విడిచి వినేవారనీ చెప్పాను. సరే, కృష్ణ కాదు, పంటకాలువ. ఆ తాతగారి పేరు చెప్పుకునే ముషీరాబాదులో ఒక పాస్టరుగారి అమ్మాయిని చేసుకున్నాను. చర్చిలో ఇప్పటికీ ‘కాపరిగారి మనవడు’ అని ముందు వరసలో కూర్చోబెడతారు.

“తాత మాట సరే, కాయితం ఏది?” అన్నారట వాళ్ళ సారు. కాయితం లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యాలి. అది తీస్తే ప్రాజెక్టులో మిగిలేది అట్ట. మా ఊరి చర్చికి రాసి పాత బాప్తిస్మపు రిజిస్టరు నకలు తెప్పించాం. తాత పేరు, ఆయన తండ్రి పేరు, వృత్తి గడిలో ఒకే మాట: కాపరి. నేను మీసం దువ్వాను. పిల్ల మాత్రం “ఒక్క రికార్డు చాలదు తాతయ్యా, క్రాస్‌చెక్ చెయ్యాలి” అంది.

దాంతో తార్నాకలోనే ఉన్న పాత రికార్డుల ఆఫీసులో ఇద్దరం నెల రోజులు దుమ్ము తిన్నాం. నెల కాదు, నాలుగు రోజులు. అందులో రెండు పూటలు నేను క్యాంటీనులో ఉన్నాను. నాలుగో రోజు అక్కడి అటెండరు మా ఊరి కాయితాల కట్ట తెచ్చి విప్పాడు. మేత బీడు దున్నేస్తున్నారని ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళు కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ అది. మొదటి పేరే మా తాతది, తండ్రి పేరుతో సహా. పక్కన ‘నిశాని’ అని రాసి, నల్లగా బొటనవేలి ముద్ర.

అటెండరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “పెద్దసారూ, మీ తాత బైబిల్ సదివేటోడంటిరి. గీడ చూస్తే ఏలిముద్ర ఉన్నది. మరి ప్రసంగాలు గొర్లకు చెప్పిండా ఏంది?”

మనవరాలు నవ్వలేదు. బయటికొచ్చి క్యాంపస్‌లో ఒక సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక అడిగింది: “మీకు ముందే తెలుసా?”

తెలుసు. మా నాన్న నాతో ‘మీ తాత కాపరి’ అనే అన్నాడు. ముందు ‘సంఘ’ తగిలించింది నేను, పెళ్ళిచూపుల్లో, పాస్టరుగారి ఎదురుగా, కాఫీ చల్లారేలోపు. తరవాత తీయడానికి వీలుపడలేదు. అదే పిల్లతో చెప్పాను.

“అయితే ఆ ముక్కే రాసివ్వండి, సంతకంతో. నాకు అదీ సోర్సే.”

“అది మీ నానమ్మ చదువుతుంది కదే.”

“చదవాలి తాతయ్యా. లేదంటే చాప్టర్ తీసేస్తా.”

ముందు వరస కుర్చీ ఒకసారి కళ్ళ ముందు కదిలింది. అయినా రాశాను. మా తాత బీడు కోసం కలెక్టరుకే వేలిముద్ర వేసినవాడు; చదువుకున్న నేను సంతకానికి జంకితే ఏం బావుంటుంది?

ఇంటికెళ్ళి ఆ కాయితం మా ఆవిడ చేతిలో పెట్టాను. తాపీగా చదివి, మడిచి ఇచ్చింది. “మా నాన్నకి పెళ్ళికి ముందే తెలుసండీ, మీ ఊళ్ళో వాకబు చేశారు. ‘గొర్రెల్ని తప్పిపోకుండా కాసిన ఇంటి పిల్లాడమ్మా, నిన్నూ కాస్తాడులే’ అన్నారు.”

“మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“చెప్తారేమోనని చూశాను.”

‘సంఘ’ అనే ఆ రెండక్షరాల్ని యాభై ఏళ్ళు మేపింది నేను. సాయంత్రానికి తోలుకొచ్చి దొడ్లో కట్టేసింది మాత్రం మా మనవరాలే.