అక్క చేతి బోణీ

పొద్దున్నే షట్టర్లు పైకి లేచే వేళకు మట్టెవాడ వీధిలో అడుగు పెడితే, కొట్ల ముందు చల్లిన నీళ్లకు తడిసిన దుమ్ము వాసన, లోపలి నుంచి సాంబ్రాణి పొగ, దాని వెనకే బెల్లం, ఎండుమిర్చి, బట్టల సబ్బు అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. ఆ వాసన రాగానే నా కుడిచెయ్యి ఇప్పటికీ దానంతటదే పక్కకు పోతుంది, అక్క చెయ్యి పట్టుకోవడానికి. అక్క విదిలించుకుంటుంది. యాభైకి దగ్గర పడిన మనిషిని చెయ్యి పట్టి నడిపిస్తే ఎవరికైనా కోపమే మరి.

అక్క పేరు సుగుణ. నడక, మాట, బొత్తాలు పెట్టుకోవడం, అన్నీ ఆమెకు ఆలస్యంగా వచ్చాయి; చదువు రానే లేదు. మామూలు బడిలో కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చోబెట్టి, తర్వాత ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మా బాపుకు ఆ వీధిలోనే ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. అమ్మకు అక్క గురించి ఒకటే దిగులు. "నేను పోయినంక ఇది సబ్బుబిల్ల గూడ కొనుక్కోలేదు, ఎవల చేతుల పెట్టాలె దీన్ని" అని పొయ్యి దగ్గర కూర్చుని అనేది, పక్కన ఎవరున్నా లేకున్నా.

అక్కలాంటి పిల్లల కోసం విమల టీచర్ మా వీధిలో బడి పెట్టింది. హనుమకొండ నుంచి రోజూ బస్సులో వచ్చేది, నవ్వడం తక్కువ, అరవడం అసలు లేదు. బడి అంటే ఒక బట్టల సేటు కొట్టు మీది రెండు గదులు. ఆయన అద్దె మాటెత్తలేదు. ఆ బడిని నిజానికి వీధంతా కలిసి నడిపింది. బియ్యం కొట్టువాళ్లు పంపిన ఖాళీ గోనె సంచులే చాపలు. సంచుల మీద ఏనుగు, తామరపువ్వు, నెమలి, ఒక్కో మిల్లుకు ఒక్కో గుర్తు ఉండేది కాబట్టి, అక్షరాలు రాని పిల్లలు కూడా గుర్తు చూసి ఎవరి చాప వాళ్లు పరుచుకునేవాళ్లు. వానాకాలంలో కేసముద్రం మార్కెట్‌కు పోయొచ్చిన ధాన్యం వ్యాపారి మక్కకంకులు తెచ్చి పడేస్తే మెట్ల కింద కాల్చుకు తినేవాళ్లం. సద్దుల బతుకమ్మ రోజున నువ్వుల పొడి, పల్లి పొడి, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో మెట్లెక్కేవి. ఎండాకాలం మొదట్లో పక్క కొట్టులో మిర్చి బస్తాలు దింపుతుంటే బడి మొత్తం తుమ్మేది, ఒకరు మొదలుపెడితే మిగతావాళ్లు రాని తుమ్ములు కూడా తెచ్చుకుని తుమ్మి నవ్వేవాళ్లు. నా బడి వదలగానే నేనూ అక్కడికే పోయేదాన్ని, వాళ్లతో అష్టాచెమ్మ ఆడటానికి. ఆ ఆటకు అక్కడ ఉన్నన్ని నియమాలు లోకంలో ఎక్కడా లేవు.

టీచర్‌కు ఒక పట్టుదల ఉండేది. ఈ పిల్లలు పుస్తకం చదవకపోయినా పరవాలేదు, కొట్టుకు పోయి కావలసింది అడిగి, పైసలిచ్చి, తెచ్చుకోగలగాలి. పై గదిలో ఖాళీ సబ్బు డబ్బాలు పెట్టి నేర్పింది. తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక్కొక్కరి చేతిలో చిల్లర పెట్టి కిందికి తీసుకొచ్చేది. వెంట వచ్చినవాళ్లం దూరంగా నిలబడాలి, మాట అందించకూడదు, అది ఆమె నియమం.

అక్క వంతు కనకయ్య సేటు కొట్టు. మొదటిరోజు ఆమె మాట కూడదీసుకుని "సబ్బు" అనగానే సేటు కళ్లలో నీళ్లు తిరిగాయి. సబ్బు ఇచ్చి, పైన బిస్కెట్ పొట్లం పెట్టి, "పైసలెందుకు బిడ్డా, ఊకెనే తీస్కపో" అన్నాడు. అన్ని కొట్లలోనూ అదే జరిగింది. పిల్లలు ఒక చేతిలో సరుకు, ఇంకో చేతిలో ఇచ్చిన చిల్లర అలాగే పట్టుకుని వెనక్కి వచ్చారు. వారం వారం అదే వరస. మా వీధి మంచితనం ముందు టీచర్ పాఠం నిలవలేదు.

ఆ మంచితనం ఏం నేర్పిందో హనుమకొండలో తెలిసింది. అమ్మ అక్కను దవాఖానకు తీసుకుపోయి తిరిగొస్తుంటే, అక్క ఒక బండి దగ్గర అరటిపండ్లు అడిగి, తీసుకుని, పైసలివ్వకుండానే నడిచింది. బండివాడు ఆమె జబ్బ పట్టుకుని దొంగ అని అరిచాడు. అక్కకు ఏమీ అర్థం కాలేదు. అడిగితే అందరూ ఇచ్చేవాళ్లే కదా. ఇంటికొచ్చి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు టీచర్ కనకయ్య సేటు కొట్టు ముందు నిలబడింది. "మీరు పైసలు తీస్కోకుంటె ఈ పిల్లను బయట కొడ్తరు సేటూ. జర సోంచాయించి చూడండి."

"పాపం తగుల్తది టీచరమ్మా, నా చెయ్యి రాదు," అన్నాడాయన. ఆయన అబద్ధమాడలేదు, నిజంగానే చెయ్యి రాదు.

దారి దొరికింది తెలివితో కాదు, అనుకోకుండా. ఒక శుక్రవారం మధ్యాహ్నం టీచర్‌కు ఏదో ఆఫీసు పని పడి, పిల్లల్ని పొద్దున్నే బజారుకు దింపింది. కనకయ్య సేటు అప్పుడే సాంబ్రాణి వేసి గద్దె మీద కూర్చున్నాడు. అక్క "సబ్బు" అంది. అలవాటుగా సబ్బు తీసిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. బోణీ కాలేదు. మా దగ్గర ఏ వ్యాపారీ బోణీకి ముందు ఉద్దెర ఇవ్వడు, ఉచితంగా అసలే ఇవ్వడు, మొదటి గిరాకీని ఉత్తచేతులతో పంపడు కూడా. ఆయన సబ్బు వంకా అక్క వంకా చూసి, చివరికి చెయ్యి చాచాడు. అక్క చిల్లర పెట్టింది. సేటు ఆ నాణేలను రెండు కళ్లకూ అద్దుకుని, తక్కెడకు తాకించి, గల్లాలో వేశాడు. తను ఇచ్చినదాన్ని ఒక పెద్దమనిషి కళ్లకద్దుకోవడం అక్క నోరు తెరుచుకుని చూసింది.

ఆనాటి నుంచి పాఠం షట్టర్లు లేచే వేళకు మారింది. అందరూ సంతోషించారని చెప్పను. ఇలాంటి పిల్లల చేతి బోణీ ఎలాంటిదోనని ఒకాయన వాళ్లను చూడగానే షట్టరు సగం దించేవాడు. ఏదో రోజు కనకయ్య సేటుకు గిరాకీ జోరుగా సాగిందని తెలిశాక ఆయనే, "మా కొట్టుకెందుకు తోల్కరాలే" అని టీచర్‌ను నిలదీశాడు. ఆ మాటా టీచర్‌కు నచ్చలేదు గానీ, ఊరుకుని ఇద్దరు పిల్లల్ని అటు పంపింది.

ఇప్పుడు ఆ రెండు గదుల్లో సెల్‌ఫోన్ కవర్ల సరుకు పోశారు. టీచర్ పెద్దదైపోయి కొడుకు దగ్గరికి వెళ్లింది. అలాంటి పిల్లలకు ఇప్పుడు హనుమకొండలో సెంటర్లున్నాయి, వ్యాన్లు వచ్చి తీసుకుపోతాయి, సౌకర్యాలు అక్కడ మెరుగే. కానీ కింద పేరు పెట్టి పిలిచే వీధి లేదు, ఏనుగు గుర్తు సంచీ లేదు. అమ్మ పోయి ఏడాదవుతోంది.

మొన్న పొద్దున అక్క సబ్బు కావాలంది. నేను వీధి ఇవతలే ఆగాను. గద్దె మీద కనకయ్య సేటు మనవడు. గల్లా పక్కన, ఫోన్లో పైసలు పడ్డాయని మాట్లాడే డబ్బా ఇంకా మూగగానే ఉంది. అక్క సబ్బు అడిగి, నోటున్న చెయ్యి చాచింది.

"వద్దు పెద్దమ్మా, తీస్కపో," అన్నాడతను, తాత గొంతులాంటి గొంతుతోనే.

అక్క కదల్లేదు. "బోణి," అంది.

అతను నా వంక చూశాడు. నేను పక్క కొట్టు వైపు ముఖం తిప్పుకున్నాను. నోటు తీసుకుని గల్లాలో వేశాడు. అక్క అప్పటికీ సబ్బు ముట్టుకోలేదు, అలాగే అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. అతను మళ్లీ గల్లా తెరిచి, ఆ నోటు బయటికి తీసి, రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

అప్పుడు అక్క తన సబ్బు తీసుకుంది.