మా మామగారు కారుకు పెట్టిన గడప

మా మామగారు పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆ కబురు అందేసరికి నేను పక్క ఊరు కప్పగల్లులో ఉన్నాను. మా ఆయన పిన్నమ్మ ఇంట్లో పసుపు దంచుతుంటే సాయానికి వెళ్లాను. మా మండీలో తూకాలు చూసే మనిషి సైకిలు గోడకు ఆనించి, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"అమ్మా, పెద్దాయప్ప పోయినాడమ్మా. కారుకు మైనం పూస్తా పూస్తా, పీట మీద కూచున్నోడు కూచున్నట్టే పక్కకు ఒరిగిపోయినాడు. ముందు మడ్‌గార్డు సగమే అయ్యిండాది."

ఈ మాట విన్న కోడలు ముందు ఏడవాలి. నాకు మాత్రం ముందు తట్టింది, పూసిన మైనం ఎండ ఎక్కకముందే తుడవకపోతే రేకుకు పట్టేస్తుందే అని. పన్నెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నందుకు నాకు అబ్బిన చదువు అది. ఏడుపు తర్వాత వచ్చింది. దాని వెంటే కోపమూ వచ్చింది. పని సగంలో వదిలి లేస్తే ఇంట్లో ఎవరినీ బతకనిచ్చేవారు కాదు ఆయన. తను మాత్రం సగంలో వదిలేసి పోయారు.

మాది బళ్లారి బజారులో శెనక్కాయల మండీ. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిన ఏడాదే ఆ కారు మా ఇంటికొచ్చిందని చెబుతారు. సండూరు గనుల కంపెనీలో పనిచేసే దొర ఒకడు తన దేశం వెళ్లిపోతూ అమ్మిన కారు. నల్లగా, పెద్దగా, తలుపుల కింద రెండు వైపులా వెడల్పాటి ఫుట్‌బోర్డులతో ఉంటుంది. పక్కలంతా ముందు నుంచి వెనక దాకా సన్నటి బంగారు రంగు గీత ఒకటి. ఆ గీత అంటే మామగారికి ప్రాణం. పెళ్లయి నేను కాపురానికి వచ్చిన రోజున నన్ను దింపి, నా పెట్టె తగిలి గీత ఎక్కడైనా గీసుకుపోయిందా అని ముందు కారు చుట్టూ తిరిగి చూసి, ఆ తర్వాతే లోపలికి వచ్చారట.

వారానికి రెండు సార్లు కడగడం, నెలకొకసారి మైనం. పొద్దున్నే నీడలో మొదలుపెట్టేవారు. చూపుడు వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, డబ్బాలో కొంచెం మైనం అద్దుకుని, రేకు మీద జానెడు మేర చిన్న చిన్న చుట్లుగా పూసి, అది తెల్లగా మంచు పట్టినట్టు అయ్యాక వేరే గుడ్డతో తుడిచేవారు. ఒక్క గీత దగ్గర మాత్రం చుట్లు లేవు. గీత వెంబడే వేలు నడిచేది. అడ్డం రుద్దితే రంగు లేచిపోతుందని ఆయన భయం. ఒక్క పక్క ముగిసేసరికి నా వంటంతా అయిపోయేది. ఎవరైనా మధ్యలో భోజనానికి పిలిస్తే పలికేవారు కాదు. చల్లారిన చారు మళ్లీ మళ్లీ కాచే పని నాదే.

ఇక గుడ్డల సంగతి. మొదటి కాన్పు తర్వాత మూడో నెలలో బిడ్డతో తిరిగి వస్తుంటే మా అమ్మ మెత్తటి పాత చీరలు చింపి పెద్ద మూట కట్టి ఇచ్చింది. వారం తిరక్కముందే అందులో సగం కారు షెడ్డులో తేలాయి. అడగడానికి నోరు లేదు, మామగారితో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో కోడళ్లకు లేదు. ఆయనా నాతో మాట్లాడేవారు కాదు. నాకు చెప్పదలచుకున్నవన్నీ, నేను వినేటట్టు, కారుతో చెప్పేవారు.

"చూడప్పా, ఇంత మెత్తని గుడ్డలు పెట్టుకోని లేవన్నారు. బిడ్డకు పక్కబట్టలైతే ఉతికితే వస్తాయి. నీకు గీత పడితే పోతాదా?"

నేను బావి దగ్గర బిందెను ఠంగుమని పెట్టి నా జవాబు చెప్పేదాన్ని.

అన్నిటికంటే పెద్ద తగాదా ఆయుధపూజ నాడు. నేను కాపురానికొచ్చిన మొదటి ఏడాది మా అత్తగారు పసుపు కుంకుమ పళ్లెం నా చేతికిచ్చి, కారుకు పెట్టి రమ్మన్నారు. కొత్త కోడలిని, చేతి నిండా పెట్టాను. బానెట్టు మీద, తలుపుల మీద, ఆ బంగారు గీత పొడుగునా కూడా. బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, హారతి పళ్లెం లోపల పెట్టి వచ్చేసరికి మామగారు తడిగుడ్డతో తుడిచేస్తున్నారు. తుడుస్తూ కారుతో అంటున్నారు. "కుంకుమంటే వాళ్లకు కుంకుమప్పా. నీకది గీకే ఉప్పుకాగితం."

నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి వెళ్లి ఏడ్చాను. మా అత్తగారైతే తెల్లబోయారు. ఆ కారులోనే ఆయన గుంతకల్లు, హోస్పేట తిరిగేవారు. ఘాటు రోడ్లలో లారీల మధ్య తోలేవారు. ఆమెకు ఆ బండి బొట్టూ తన బొట్టూ వేరు కాదు.

"ముత్తైదువ పెట్టిన బొట్టు తుడిచే మొగోన్ని యాడా చూడలేదమ్మా," అన్నారు నాతో. "ఆ చెయ్యి తుడిచేది నాది గూడా అని తెలిసేల్లేదా ఈయప్పకు?"

మరుసటి ఏడాదీ అంతే. ఆ తర్వాతా అంతే. మేము పెట్టడం, ఆయన తుడవడం. ఒక ఏడాది ఒక్కటంటే ఒక్క చుక్క, డిక్కీ మూత అంచున, ఎవరికీ కనబడని చోట పెట్టాను. పావుగంట వెతికి మరీ తుడిచారు. నేను ఇంకెప్పుడూ పళ్లెం పట్టనని మా ఆయనతో చెప్పేశాను. మా అత్తగారు ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఎందుకో మామగారు అడగలేదు, కానీ షెడ్డులో చాలాసేపు ఊరికే కూర్చున్నారు.

ఆ పై ఏడాది పండగకు వారం ముందు కారు కనబడకుండా పోయింది. లారీలకు బొమ్మలూ పేర్లూ రాసే పెయింటరు దగ్గర ఉందన్నారు. తిరిగొచ్చాక మూడు రోజులు షెడ్డుకు తాళం. ఆయుధపూజ నాడు తలుపులు తెరిచి చూస్తే రెండు ఫుట్‌బోర్డులూ పచ్చగా మెరుస్తున్నాయి. పసుపు రాసిన గడప లాగా, అంచులకు తెల్లటి సన్న గీతలు, వాటి మధ్య జానెడుకొక ఎర్రటి బొట్టు. అంతా పెయింటు. దాని మీద మైనం.

మామగారు బానెట్టు మీద చెయ్యి వేసి, "ఇంగ నిన్ను ఎవురూ తుడిచేకి కాదప్పా. నాక్కూడా కాదు," అన్నారు.

మా అత్తగారు ఒక్కో బొట్టునూ వంగి చూస్తూ కారు చుట్టూ తిరిగి వచ్చారు. ఆ రోజు ఆయనకు రెండు సార్లు పాయసం వడ్డించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. పండగైన మూడో రోజు అందరం హోస్పేటలో పెళ్లికి బయల్దేరాం. మా అత్తగారు కారు ఎక్కబోయి, కాలు ఎత్తి, మళ్లీ వెనక్కు తీసుకున్నారు.

"ఏంది, ఎక్కు," అన్నారు మామగారు.

"గడప తొక్కేకి కాదు."

"అది గడప గాదే, రేకు!"

"పసుపు పూసి బొట్టు పెట్టినాక రేకైతే ఏంది? నేను తొక్కను."

కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఫుట్‌బోర్డు దాటి, కాలు ఏకంగా లోపల వెయ్యబోయారు. నుదురు పోయి పైకప్పు అంచుకు తగిలింది. ఆమె కుంకుమ అక్కడ అంటుకుంది. మామగారి చెయ్యి తనంతట తానే భుజం మీది గుడ్డ మీదికి పోయింది. అంతలోనే ఆగింది.

ఆమె ఒక్కరే అయితే సరే. మా ఆయన దూకి ఎక్కాడు. నేనూ తొక్కలేకపోయాను, కాలు రాలేదు. మండీ గుమాస్తా, పెళ్లివారు, పురోహితుడు, ఎవరూ తొక్కలేదు. ఎత్తయిన ఆ కారు ఎక్కాలంటే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాల్సిందే, పెట్టేవాళ్లు ఒక్కరూ లేరు. "తొక్కండప్పా, పెయింటు అది, పెయింటు!" అని మామగారు అరిచేవారు. నాలుగు రోజులు పోయాక చూస్తే ఆయనే కాళ్లు రెండూ ఎత్తి, తల వంచి, మూలుగుతూ దాటి కూర్చుంటున్నారు.

చివరికి వడ్రంగి చేత రెండు మెట్ల పీట ఒకటి చేయించి డిక్కీలో వేశారు. కారు ఎక్కడ ఆగినా దిగి, పీట తీసి, ఒక్కొక్క తలుపు దగ్గరా వేసి, అందరూ దిగాక మళ్లీ డిక్కీలో పెట్టేది ఎవరనుకున్నారు? నేనే. బజారులో నన్ను పీట కోడలు అనేవారు. పట్టుచీర కట్టుకుని పీట మోసిన నా అవస్థ నాకే తెలుసు. విసుగొచ్చి, మళ్లీ నల్లరంగు వేయించమని మా ఆయన ద్వారా చెప్పించాను. మామగారు ఒప్పుకునేవారేమో. మా అత్తగారు, "ఎవురన్నా దాని జోలికొస్తే చూడండి," అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తిన వాళ్లు లేరు.

రెండేళ్ల కిందట మామగారికి చెయ్యి వణకడం మొదలైంది. ఒక పొద్దున షెడ్డులోంచి, "యమ్మా, ఈడికి రా," అని పిలిచారు. ఎవరిని పిలిచారా అని వెనక్కు తిరిగి చూశాను. నన్నే. పదేళ్లకు నాతో అన్న మొదటి మాట అది. ఏదో మంచి మాట చెబుతారనుకున్నాను. గుడ్డ నా చేతిలో పెట్టి, "అడ్డం రుద్దొద్దు. గీత వెంబడే నడుపు," అన్నారు. ఒళ్లు మండింది. అయినా నడిపాను. రెండో సారి, మూడో సారి తప్పని చెప్పి మళ్లీ చేయించారు. నాలుగోసారి మైనం డబ్బా నా వైపు జరిపారు. కాసేపటికి కారుతో కాక, నాతోనే అన్నారు. "మెరుపు కోసరం గాదమ్మా మైనం. కింద ఉండేది పోకుండా కాపలాకు."

పీట కూడా అప్పుడే డిక్కీలోంచి ఆయన కిందికి వచ్చింది, వంగి నిలబడలేక దాని మీదే కూర్చుని పని చేసేవారు. ఆయన ఒరిగిపోయింది ఆ పీట మీది నుంచే.

పదో రోజు ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. వరసకు పెద్దవాళ్లు నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి మా అత్తగారిని వెనక గదిలోకి తీసుకువెళ్లారు. గాజులు, మెట్టెలు, బొట్టు. బొట్టైనా ఉండనియ్యకూడదా అని నేను అడిగాను. "సంసారుల ఇంట్లో మాట్లాడే మాటేనా అది?" అని ఒకామె గద్దించింది. బిందెను ఠంగుమనిపించే నేను, ఆ రోజు నోరు మూసుకుని తలుపు పక్కన నిలబడ్డాను. అందుకు నా మీద నాకు ఇంకా చిరాకు తగ్గలేదు. నలభై ఏళ్లు ఆ నుదుటి మీద ఉన్నది ఒక తడిగుడ్డతో పోయింది. ఆయన కారు మీది బొట్టు తుడిస్తే తప్పన్న వాళ్లే ఆ గదిలో అందరూ.

నిన్న పొద్దున లేచి చూస్తే మా అత్తగారు తనను కూర్చోబెట్టిన మూలలో లేరు. ఏడాది తిరిగేదాకా ఆమె గడప దాటకూడదని చెప్పి వెళ్లారు పెద్దవాళ్లు. ఇల్లంతా వెతికి షెడ్డుకు వెళ్లాను. ముందు మడ్‌గార్డు మీద మామగారు పూసి వదిలిన మైనం తెల్లగా గట్టిపడి ఉంది. మా అత్తగారు ఆ పీట మీద కూర్చుని, వేలికి గుడ్డ చుట్టుకుని, ఫుట్‌బోర్డుకు మైనం పూస్తున్నారు. తెల్ల అంచు వెంబడే నడిపి, ఒక్కొక్క ఎర్ర బొట్టు దగ్గరా ఆగుతున్నారు. ఆమె నుదురు అంత ఖాళీగా ఉండగా వెలుతురులో చూడటం నాకు అదే మొదటిసారి. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

ఆమె తల ఎత్తలేదు. "మీ మామ చెప్పినాడు గదమ్మా, ఇవి ఎవురూ తుడిచేకి కాదని," అన్నారు.

నేను రెండో గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను. వీధి వైపు తలుపు బార్లా తెరిచే ఉంది. బజారుకు పోయే జనం చూస్తూనే పోతున్నారు. మూయమని ఆమె అనలేదు. నేనూ లేవలేదు. ఆమె వేలు మరో బొట్టు మీదికి జరిగింది.