మా నాన్న మెడికల్ కాలేజీకి లొకేషన్ చూసిన రోజు

ముందే ఒప్పేసుకుంటున్నాను: నా నోట్లో పడితే చీమ ఏనుగవుతుంది, ఏనుగైతే ఇక వీధిలో పట్టదు. కాబట్టి ఇక్కడ చదివేదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసి నమ్మండి. (మా ఆవిడ అదీ నమ్మదు.) తప్పు నాది కాదు, పెరిగిన చోటుది. ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో ఏ ఇంటి పొయ్యి వెలిగినా లేనిది ఉన్నట్టు చూపించబట్టే వెలిగేది. మా నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. వాన కావాలంటే ట్యాంకర్లో తెప్పించేవారు, పెళ్ళి సీనంటే ఒక్క ఫోనుతో ఊరెడు బంధువుల్ని దింపేసేవారు. అలాంటి ఇంట్లో నాకు మెడిసిన్‌లో ర్యాంకు రావడం మా వాళ్ళకే కాదు, నాకూ అంతుపట్టలేదు. నేనప్పటిదాకా చూసిన రక్తమంతా మేకప్ డబ్బాలోదే. అసలు రక్తం చూస్తే అక్కడికక్కడే పడిపోతానేమోనన్న భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నా ర్యాంకుకు రెండు కాలేజీలు అందుతాయని తేలింది. ఒకటి మా నగరంలోనే, ఇంకొకటి రైలెక్కి వెళ్ళాల్సిన ఊళ్ళో. ఈ కథ జరిగిన రోజుకు మర్నాడే కౌన్సెలింగ్. అక్కడ ఏదో ఒక పేరు చెప్పాలి, చెప్పాక వెనక్కి తీసుకోవడానికి లేదు. వేరే పిల్లల నాన్నలు ప్రొఫెసర్ల గురించి వాకబు చేస్తారు. మా నాన్న నన్నూ, కెమెరా మామయ్యనీ వెంటబెట్టుకుని లొకేషన్ చూడ్డానికి బయల్దేరారు. (ఈ మామయ్య బంధువు కాదు, నాన్న సినిమాలన్నిటికీ కెమెరామాన్. వరస అలా కుదిరిపోయింది.) రైలు ఊరి కాలేజీని అంతకుముందు వారమే చూసొచ్చి, "చెట్లు, పొడుగాటి వరండా, సాయంత్రపు వెలుగు! రెండు పాటలు తీసేయొచ్చు" అని ఇద్దరూ మురిసిపోయారు. ఇక మిగిలింది నగరం కాలేజీ.

గేటు దాటగానే మామయ్య రెండు చేతుల వేళ్ళూ చట్రంలా కలిపి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఫ్రేము ఇరుకు బావా. జనరేటర్ వ్యాను తిరగదు."

"మరి వీడు అయిదేళ్ళు ఇక్కడ ఎలా చదువుతాడు?" అని నాన్న దిగులుపడ్డారు.

"చదవడానికి జనరేటర్ ఎందుకు నాన్నా?"

"కరెంటు పోతే?"

ఆ వేళ్ళ చట్రం చూడగానే జనం మూగారు. టోలిచౌకి నుంచి ఎర్రగడ్డ దాకా ఊరంతా ఖాళీ అయి అక్కడికే వచ్చేసిందంటే నమ్మాలి మీరు. ఒక మెడికల్ స్టూడెంటు ముందుకొచ్చి, "ఏంది సార్, షూటింగా? హీరో ఏడి?" అన్నాడు. నాన్న అలవాటు కొద్దీ నా భుజం తట్టి, "వీడే" అన్నారు. అతను నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గీ పిలగాడా? ఫైటింగులైతే లేవు గద సార్?" అని అడిగాడు. జనం ఘొల్లున నవ్వారు.

నేను ఆ నవ్వుల్లోంచి జారి ఓపీ వరండాలో పడ్డాను. అక్కడ బల్ల మీద ఒక అవ్వ కాలు చాపుకుని కూర్చుంది. కట్టు కట్టిన మోకాలు గోల్కొండ పక్కనున్న గుమ్మటమంత వాచింది. నా చెయ్యి పట్టుకుని, "డాక్టర్ సాబ్, జర గీ మోకాలు సూడు" అంది.

"నేను డాక్టర్ని కాదవ్వా. ఇంకా కాలేజీలోనే చేరలేదు."

"మరెప్పుడైతవ్?"

"అయిదేళ్ళ పైనే పడుతుంది."

అవ్వ కాసేపు మోకాలితో సంప్రదించింది. "మంచిది తియ్యి. జర ఓపిక పడ్త. గీడికే వస్తవ్ గదా?"

"ఇంకా తెలీదవ్వా."

"తెల్వదంటే ఎట్ల బిడ్డా? మోకాలు గీడుంటే నువ్వేడికి పోతవ్?"

అంతలో మోకాలి కట్టు జారింది. లోపల గీరుకుపోయిన చోట రక్తం, మేకప్ డబ్బాలోది కాదు. అయినా నేను పడిపోలేదు. ఆ కట్టు పైకి లాగి, నర్సమ్మ వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి నాన్న తేల్చేశారు. "లొకేషన్ క్యాన్సిల్. రైలు ఊరే ఖాయం."

"లేదు నాన్నా, నేనిక్కడే చేరతాను."

"ఇక్కడేముందిరా? వెలుగు కూడా లేదు."

"మోకాలుంది."

నాన్న బిత్తరపోయి మామయ్య వంక చూశారు. మామయ్య నా ముఖాన్ని వేళ్ళ చట్రంలోంచి కాసేపు చూసి, "పిల్లాడు ఫిక్సయిపోయాడు బావా. లైట్లు మనమే పెట్టుకుందాం" అన్నాడు. అన్నట్టే, హాస్టల్లో చేరిన రోజున నా గదికి స్టూడియో లైటొకటి దిగింది. దాని వేడికి మా గదివాళ్ళు ఆమ్లెట్లు వేసుకున్నారు.

చదువు ముగిసి నేను తెల్లకోటుతో ఆ వరండాలోకి అడుగుపెడితే, అదే బల్ల మీద అవ్వ కూర్చుని, "వచ్చినవా బిడ్డా?" అంటూ మోకాలు చాపింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ ఆగుతాను, వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. ఇప్పుడు చెప్పేస్తున్నాను. జనం నిజం, లైటు నిజం, ఆమ్లెట్లు కూడా నిజమే (కాస్త పచ్చిగా ఉండేవి). నేను కల్పించింది ఆ చివరి ముక్క ఒక్కటే. అవ్వ మళ్ళీ కనబడలేదు. అయినా ఇవాళ్టికీ జూబ్లీహిల్స్‌లో నేను పేషెంట్లని చూసే గదిలోకి ఎవరైనా మోకాలు పట్టుకుని వస్తే, ఎక్స్‌రే కంటే ముందు ముఖం చూస్తాను. నా లెక్కన ఆవిడకిప్పుడు నూట ఇరవై ఏళ్ళుంటాయి. ఉంటే ఉండనివ్వండి, ఓపిక పడతానని చెప్పింది కదా.